నా నంబరు మీద ఇద్దరు

స్కూటర్ కొన్న రోజు షోరూములో కాగితాలు రాసుకునే ఆయన ఫోన్ నంబరు అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా తమ్ముడు తన నంబరు చెప్పేశాడు. "ఓటీపీలు గిట్ట వస్తుంటయి సార్, అక్కకెందుకు పరేషాన్" అన్నాడు. నేను వనపర్తిలో ఒక దవాఖానలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చునే మనిషిని. ఏ మాత్ర పొద్దున వేసుకోవాలి, ఏది తిన్నాక వేసుకోవాలి అని వచ్చినవాళ్లందరికీ గొంతు పోయేలా చెప్తుంటాను. అలాంటిదానికి నాలుగంకెలు చదవడం పరేషాన్ అని వాడెందుకు అనుకున్నాడో తెలియదు. అయినా ఆ రోజు కోపం రాలేదు. నా పని మీద ఒక మనిషి నా పక్కన నిలబడి మాట్లాడటం ఎంతో కాలం తర్వాత జరిగింది. ఆ సంతోషంలో చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేశాను. బండి నా పేరు మీద, కబురు వాడి ఫోను మీద.

అప్పటికి రాష్ట్రంలో బండ్ల అక్షరాలు మారి కొన్నాళ్లే అయింది. టీఎస్ పోయి టీజీ వచ్చింది. మా దవాఖాన షెడ్డులో మొదటి టీజీ బండి నాదే. "కొత్త రాష్ట్రం మేడం వచ్చింది" అని నర్సులు ఆటపట్టించేవాళ్లు. నేనూ కొంచెం మురిసేదాన్ని. బూడిదరంగు స్కూటర్, వెనక కొత్త అక్షరాలు, దాని మీద ఎప్పుడూ ఒక్కదాన్నే.

నా సంగతి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. నా పెళ్లి రెండేళ్లు కూడా నిలబడలేదు. ఆయన ఇంకో సంసారం పెట్టుకున్నాడు, నేను ఉద్యోగం పెట్టుకున్నాను. అమ్మానాన్నా పోయారు. మిగిలింది తమ్ముడొక్కడే. నాగర్‌కర్నూల్‌లో సిమెంటు దుకాణం వాడిది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ప్రతి ఆదివారం బిజినేపల్లి మీదుగా బస్సెక్కి వాళ్లింటికి భోజనానికి పోతాను. వారం మొత్తంలో ఇంకో మనిషికి ఎదురుగా కూర్చొని నేను అన్నం తినేది ఆ ఒక్క పూటే. మిగతా రోజుల్లో టీవీ ముందు తింటాను. వార్తలు చదివే అమ్మాయి నన్ను చూస్తూ మాట్లాడుతున్నట్టే ఉంటుంది, కానీ ఇంకొంచెం వడ్డించనా అని అడగదు.

మొదటి చలాన్ వచ్చిందని నాకు తెలియనే తెలియదు. తమ్ముడి ఫోనుకు వచ్చింది, వాడే కట్టేశాడు. ఒక ఆదివారం అన్నాలు తింటుండగా మాటల్లో బయటపడింది. "గద్వాలల హెల్మెట్ లేకుండ పట్టిన్రక్కా. బండి ఎవరికన్నా ఇచ్చినవా?" అన్నాడు. నేను ఎవరికీ ఇవ్వలేదన్నాను. నేనసలు ఆ బండి మీద పెబ్బేరు దాటి ఎప్పుడూ పోలేదన్నాను. "పోనీలే, చిన్నదే గద. కట్టేసిన" అన్నాడు. ఏదో పొరపాటులే అని నేనూ వదిలేశాను. వాడు నా కోసం ఒక పని చేశాడు కదా అని లోపల కొంచెం మెత్తబడ్డాను కూడా.

ఆ తర్వాత ఒక ఆదివారం నేను పోలేకపోయాను. పొద్దున్నే తల పగిలిపోతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. రానని ఫోన్ చేసి చెప్పి, మాత్ర వేసుకొని, కిటికీలు మూసుకొని పడుకున్నాను. పైన ఉండే ఇంటివాళ్లు ఉప్పునుంతలలో పెళ్లికి పోయారు. గేటు వేసే ఉంది. స్కూటర్ రేకుల షెడ్డులో ఉంది. సాయంత్రం లేచి గంజి కాచుకొని తాగి మళ్లీ పడుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. వెనక నుంచి తీసిన ఫోటో. బూడిదరంగు స్కూటర్. హెల్మెట్ లేని మగమనిషి నడుపుతున్నాడు. వెనక ఒక ఆడమనిషి పచ్చ చీరలో, దుమ్ముకు తల చుట్టూ ముఖం చుట్టూ స్కార్ఫ్ చుట్టుకొని కూర్చుంది. ఆమె చెయ్యి అతని నడుము మీద ఉంది. కింద పట్టీలో గద్వాల అని, ఆదివారం తేదీ, మిట్టమధ్యాహ్నం సమయం ఉన్నాయి. నంబరు ప్లేటు మీద ఉన్నది నా నంబరే.

నేను ఫోటో చూస్తుండగానే వాడి ఫోన్ వచ్చింది.

"ఆదివారం ఇంట్ల ఉన్నవా అక్కా?"

"ఉన్నానురా. చెప్పిన గద, జ్వరం."

"ఎవరున్నరు ఇంట్ల?"

"ఎవరుంటారు? నేనే ఉన్న."

"పైనోళ్లు?"

"పెళ్లికి పోయిన్రు."

వాడు గొంతు తగ్గించి, "ఎవరన్న ఉంటే నాకు చెప్పాలె గదక్కా. నేనేమన్న వద్దంటనా? గిట్ల ఒంట్ల బాగలేదని చెప్పి పోవుడెందుకు? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?" అన్నాడు.

అప్పటికిగానీ వాడేం అనుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు. తల కొట్టేసినట్టయింది. అది నేను కాదురా అన్నాను. బండి నీదే గద అన్నాడు. నాది షెడ్డులోనే ఉందిరా అన్నాను. నంబర్ నీదే గద అన్నాడు. అది నేను కాదురా అని మళ్లీ అన్నాను. "చీర కూడ నీదే గద. దసరాకు మేం పెట్టిన పచ్చ చీర" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం వస్తే మాట ముందు వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. "ఆ చీరలు మీ ఆవిడ రెండు కొన్నది. ఒకటి నాకు పెట్టింది, ఒకటి తను కట్టుకుంది. వెనక కూర్చున్నది ఆమెనేమో, అడిగినవా?" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. నేను అన్న మాట ఆ ఇంట్లో ఎవరి చెవిన పడాలో వాళ్ల చెవిన పడే ఉంటుంది. తర్వాతి ఆదివారం నన్ను రమ్మని ఎవరూ అనలేదు. అన్నేళ్లుగా ఎవరూ పిలవకుండానే పోయేదాన్ని. పిలవకపోవడానికీ రావొద్దనడానికీ ఉన్న తేడా ఆ రోజు తెలిసింది.

ఒంటరిగా బతికేవాళ్లకు ఎన్నో ఇబ్బందులుంటాయని తెలుసు. కరెంటు పోతే ఫ్యూజు మనమే చూసుకోవాలి, జ్వరం వస్తే గంజి మనమే కాచుకోవాలి. కానీ ఇంట్లోనే ఉన్నానని చెప్పడానికి కూడా ఇంట్లో ఇంకో మనిషి ఉండాలని అప్పటిదాకా తట్టలేదు. జ్వరం వచ్చిన ఆదివారం నేను ఇంట్లో లేనని ఒక ఫోటో చెప్తోంది. ఉన్నానని చెప్పేదాన్ని నేనొక్కదాన్నే.

సోమవారం భోజనాల వేళ కిటికీ మూసి పోలీస్ స్టేషన్‌కు పోయాను. చలాన్ల పని చూసే కానిస్టేబుల్ మర్యాదగానే కూర్చోమన్నాడు. ఫోటో చూపించాను.

"బండి మీ పేరు మీదనే ఉందా మేడం?"

"నా పేరు మీదనే ఉంది. కానీ ఈ బండి నాది కాదు."

"నంబర్?"

"నంబరు నాదే."

ఆయన నవ్వలేదు, అందుకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. "కెమెరాకు మనిషితోని పని లేదు మేడం. నంబర్ ఎవరి పేరు మీదుంటే జిమ్మెదారి వాళ్లదే. మీరు నడపలేదంటే నడిపినోళ్ల పేరియ్యాలె. అమ్ముకున్నమంటే ఆర్సీ మార్పిచ్చినట్టుండాలె. దొంగలు ఎత్తుకపోయిన్రంటే కంప్లైంట్ కాగితం ఉండాలె. బండి ఎవరికన్నా ఇచ్చిన్రా, మీ ఆయనకు గాని, తమ్ముళ్లకు గాని?"

"ఇవ్వడానికి నాకెవరూ లేరు" అన్నాను. నేను బండి గురించే అన్నాను గానీ ఆ మాట ఇంకోలా వినిపించింది. ఆయన తల దించుకొని కాగితాలు సర్దుకున్నాడు.

"గియ్యేమి కాదంటే మీ నంబర్ ఎవరో వేసుకొని తిరుగుతున్నట్టు. ఆన్‌లైన్ల కంప్లైంట్ పెట్టున్రి. మీ బండి ముందు, వెనక ఫోటోలు, ఆర్సీ జత చెయ్యున్రి. అట్ల తేలకుంటే కట్టకుండ ఉండున్రి, కోర్టుకు పోతది. జడ్జి ముంగట చెప్పుకోవచ్చు. కాని మేడం, ఇంతకు ముందు ఒకటి కట్టిన్రు గద? గిదే బండి మీద. కడితే ఒప్పుకున్నట్టే లెక్క. ఇది కూడ కట్టేస్తే ఒడుస్తది, ఎందుకు తిరుగుతరు?"

కడితే ఒప్పుకున్నట్టే. తమ్ముడు ప్రేమతో చేసిన ఆ పని నా మీద సాక్ష్యంగా కూర్చుంది. ఈ రెండోది నేను కట్టేస్తే పోలీసులకు ఒడుస్తుంది, నాకు కాదు. కట్టిందట, తప్పు చేసింది కాబట్టే కట్టింది అని నాగర్‌కర్నూల్‌లో అనుకుంటారు. నేను కట్టనని చెప్పి లేచాను.

ఆ సాయంత్రం స్కూటర్‌ను షెడ్డులోంచి బయటికి తెచ్చి ముందూ వెనకా ఫోటోలు తీశాను. వెలుతురు సరిపోక మళ్లీ తీశాను. ఎదురింటి ఆమె గోడ మీద నుంచి చూసి "అమ్ముతున్నవా మేడం?" అంది. లేదన్నాను. ఇంకేం అడుగుతుందోనని నేనే లోపలికి వచ్చేశాను. ఫిర్యాదు రాయడానికి చాలాసేపు పట్టింది. ఆ స్థలంలో నేను రాసిందేమిటంటే, ఈ బండి నాది కాదు, ఈ మనిషి నేను కాదు అని. చివర పంపమని నొక్కితే, బండికి రిజిస్టర్ అయిన ఫోనుకు ఓటీపీ పంపామని చెప్పింది.

ఆ ఫోను తమ్ముడిది.

చాలాసేపు అలాగే కూర్చున్నాను. గడువు దాటిపోయింది. మళ్లీ పంపమని నొక్కి, ఫోన్ చేశాను. ఎత్తాడు.

"ఒక నంబరు వచ్చుంటది. చెప్పు."

వాడు ఒక్కొక్క అంకే చదివాడు. దుకాణంలో గిరాకీకి బస్తాల లెక్క చెప్పినట్టు చదివాడు. అయిపోయాక నేను ఏమన్నా అంటానేమోనని ఆగాడు. వాడే ఏమన్నా అంటాడేమోనని నేనూ ఆగాను. తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు వచ్చింది. ఆ గొడవ తర్వాత నెల రోజుల్లో మా అక్కాతమ్ముళ్లు మాట్లాడుకున్నది ఆ అంకెలే.

జవాబు కూడా వాడికే వచ్చింది. వాడు నాకు పంపాడు, ఈసారి కూడా ఒక్క మాట లేకుండా. పరిశీలించామని, ఫోటోలో కనిపిస్తున్న నంబరు, నమోదైన నంబరు ఒకటేనని, అభ్యంతరం ఉంటే చలాన్ వేసిన చోట సంప్రదించమని ఉంది. మర్యాదగా రాసిన జవాబే. కానీ నన్ను దోషి అనడానికి వాడికి అంతకంటే ఏం కావాలి? ఆ రోజు కిటికీ దగ్గర ఒక ముసలాయన బీపీ మాత్ర రంగు మారిందేందని అడిగితే కసురుకున్నాను. పాపం ఆయన తప్పేమీ లేదు.

సెలవు పెట్టి గద్వాల పోయాను. బస్సులో పోవచ్చు, కానీ బండిని చూపించాలి కదా, అందుకని స్కూటర్ మీదే బయలుదేరాను. పెబ్బేరు దాటి హైవే ఎక్కాక లారీలు పక్క నుంచి పోతుంటే బండి ఊగేది. హ్యాండిల్ గట్టిగా పట్టుకొని అరచేతులు తిమ్మిరెక్కాయి. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కేటప్పుడు గాలికి చీర కొంగు ఎగిరి ముఖం మీద పడింది. ఆపి, కొంగు దోపుకొని, నీళ్లు తాగాను. ఎక్కడికి పోతున్నావు, జాగ్రత్త అని చెప్పినవాళ్లు లేరు. చేరుకున్నాక చేరానని ఫోన్ చేయాల్సినవాళ్లూ లేరు. ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగి గద్వాల దారి పట్టాక రెండు వైపులా విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేన్లు. ఆడవాళ్లు వరుసల్లో వంగి పత్తి ఏరుతున్నారు, ఒకరి మాటకు ఇంకొకరు నవ్వుతున్నారు. ఏడుపు వచ్చింది. ఒక్కదాన్నే కాబట్టి దాచుకోకుండా ఏడ్చాను.

స్టేషన్‌లో పెద్దవయసు హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉన్నాడు. నా మాట పూర్తిగా విని, బయటికి వచ్చి నా బండి చుట్టూ తిరిగి చూశాడు. లోపలికి వచ్చి కంప్యూటర్లో ఆ ఫోటో తెరిచి పెద్దది చేశాడు. ఫోన్లో చూసినప్పుడు నాకు కనిపించింది వెనక కూర్చున్న మనిషే. ఆమె చీర, ఆమె చెయ్యి. ప్లేటును నేను సరిగ్గా చూడనే లేదు. ఇప్పుడు పెద్ద తెర మీద చూస్తే టీ పక్కన జీ లావుగా ఉంది. కొంచెం కిందికి జారి ఉంది. దాని వెనక ఇంకేదో అక్షరం తోక కనిపిస్తోంది.

"సార్, ఆ జీ చూడండి" అన్నాను.

ఆయన కళ్లజోడు పైకి ఎత్తి, ముఖం తెరకు దగ్గర పెట్టి చూశాడు. "అరె. గిది ఎస్ మీద జీ అతికిచ్చిండు" అన్నాడు. మళ్లీ కుర్చీలో వెనక్కి వాలి, "పాత టీఎస్ బండ్లు మార్చుకునే పని లేదని ఎన్నిసార్లు చెప్పినా వినరు మేడం. తమంతట తామే జీ చేసుకుంటరు. కొత్త వరస మల్ల మొదటి నుంచి మొదలైంది గద. టీఎస్ల ఉన్న నంబరే టీజీల ఇంకొకరికి వచ్చుంటది. మీకు గట్లనే వచ్చింది. మావోడు ప్లేట్ మీద ఉన్నది ఉన్నట్టు కొట్టిండు, అది మీకు పోయింది" అన్నాడు.

టీఎస్ పెట్టి అదే నంబరు కొడితే ఒక పేరు, ఒక ఫోన్ నంబరు వచ్చాయి. వనపర్తి దిక్కు ఊరే. ఆయన ఫోన్ చేస్తే ఆ మనిషి గద్వాల పక్క ఊళ్లో పత్తి చేను పనికి వచ్చి ఉన్నాడని, వస్తున్నాడని తెలిసింది. నేను బెంచీ మీద కూర్చొని ఎదురు చూశాను. ఇన్ని రోజులు నా నంబరు మీద తిరిగిన మనుషులు ఎలా ఉంటారోనని గేటు లోపలికి వచ్చిన ప్రతి బండినీ చూశాను. వస్తే ఏమనాలో కూడా మనసులో అనుకున్నాను. గట్టిగానే అనుకున్నాను.

వాళ్లిద్దరూ కలిసే వచ్చారు. ఆ బూడిదరంగు స్కూటర్ మీదే. అతనికి ముప్పై ఐదేళ్లుంటాయేమో, చేతులకు పత్తి కాయల గీతలు. ఆమె స్కార్ఫ్ విప్పి భుజాన వేసుకుంది. నల్లగా, బక్కగా, నా కంటే పదేళ్లు చిన్నది. ఈమెను నేననుకున్నాడా మా తమ్ముడు అని ముందు అదే అనిపించింది. ముఖం కనపడకపోతే మనమంతా ఒకటేనేమో.

"జీ ఎందుకు పెట్టినవురా?" అని హెడ్ కానిస్టేబుల్ అడిగాడు.

"రాష్ట్రం అచ్చరాలు మారినయన్నరు సారూ. ఎస్ ఉంటే పట్టుకొని ఫైన్ ఏస్తరంట అని మా తాన ఒకాయన చెప్పిండు. భయపడి నంబర్లు రాసేటాయన తాన పోయి జీ ఏపిచ్చిన."

"ఫైన్ పడొద్దని?"

"అవ్ సారూ."

నేను అనుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. నవ్వొచ్చింది. హెడ్ కానిస్టేబుల్ కూడా నవ్వాపుకోలేక మీసం తుడుచుకున్నాడు. అది కూడా కేసేనని, ముందు ఆ ప్లేటు ఉన్నది ఉన్నట్టు చేయించుకోమని, చలాన్ ఇక అతని నంబరుకే వస్తుందని చెప్పి సంతకాలు తీసుకున్నాడు. అతను దేనికీ ఎదురు చెప్పలేదు.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆ దినం చర్చికి పోయొస్తుంటిమి మేడం. నాకేమో హెల్మెట్ పెట్టుకో అని రోజు చెప్పుడే అయితది. వినడు." స్కార్ఫ్‌తో ముఖం తుడుచుకొని, "మా మూలంగ మీకు తకలీఫ్ అయింది. ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా?" అంది.

"లేదమ్మా" అన్నాను. ఆమెతో అబద్ధం చెప్పాలని కాదు. నిజం మొదలు పెడితే ఎక్కడ ఆపాలో తెలియలేదు.

నేను నా బండి దగ్గర నిలబడి ఉండగా వాళ్లు వెళ్లిపోయారు. ఆమె ఎక్కి కూర్చున్నాక అతను వెనక్కి చూడకుండానే చెయ్యి వెనక్కి పోనిచ్చి, చక్రం దిక్కు వేలాడుతున్న ఆమె స్కార్ఫ్ కొసను పట్టుకొని ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకుంది. వాళ్లిద్దరూ అప్పటికే వేరే ఏదో మాట్లాడుకుంటున్నారు. నాకు అసూయ కలిగింది. ఉన్నమాట చెప్తున్నాను, ఆ చలాన్ మీద నాకు వచ్చిన కోపమంతా కలిపినా అంత ఉండదు.

రద్దు అయినట్టు కబురు రావడానికి కొన్నాళ్లు పట్టింది. తమ్ముడి ఫోనుకే వచ్చింది. వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, మెసేజ్ వచ్చింది. క్యాన్సిల్ అయిందట."

నేను జరిగిందంతా చెప్పాను. ఎస్ మీద జీ అతికించిన సంగతి చెప్తే వాడు పెద్దగా నవ్వాడు. "ఫైన్ పడొద్దని మార్చిండా? వారి నీ!" అన్నాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. తప్పయిందక్కా అని వాడు అంటాడని ఎదురు చూశాను. అనలేదు. "ఆదివారం రా. మటన్ తెస్త" అన్నాడు. అంతే, నాకు ప్రాణం లేచొచ్చింది. అంత త్వరగా సంతోషపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, అయినా సంతోషం తగ్గలేదు. పిల్లలకు బాదుషాలు కొని డబ్బాలో పెట్టుకొని ఆదివారం మొదటి బస్సుకే పోయాను.

అందరం కింద కూర్చున్నాం. మరదలు వడ్డిస్తోంది. గద్వాల ముచ్చట మళ్లీ మొదటి నుంచి చెప్పమని పిల్లలు అడిగితే చెప్పాను. లారీల గురించి, లావు జీ గురించి, భయపడి చేసుకున్న మార్పు గురించి చెప్పాను. ఏడ్చిన సంగతి, స్కార్ఫ్ సంగతి చెప్పలేదు. పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లను చూసి నేనూ నవ్వాను. నా చోటు నాకు తిరిగి వచ్చిందనుకున్నాను.

మరదలు నా పళ్లెంలో ముక్కలు వేస్తూ, "నేను ఆ దినమే చెప్పిన వదినె ఈయనకు. ఫోటో చూసుడుతోనే చెప్పిన" అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఇంట్లో ఒక్కరైనా నన్ను నమ్మారు. అదీ నేను నోరు జారి అంత మాట అన్న మనిషే నమ్మింది. సిగ్గుతో తలెత్తి ఆమె వైపు చూశాను.

"మీకేమన్న పిచ్చా అన్న" అని ఆమె నవ్వుతూ తమ్ముడి వైపు తిరిగింది. "మా వదినె బండి మీద మొగోడు కూసుంటడా? ఈ వయసుల వదినెకు ఎవరుంటరు, పాపం!"

తమ్ముడు కూడా నవ్వాడు. "గదే అనుకోవాల్సింది నేను" అన్నాడు. ఆమె మాటలో కుత్సితం లేదు. పచ్చ చీర మాటకు బదులు తీర్చుకోవాలనీ లేదు. నా తరఫున మాట్లాడుతున్నాననే అనుకుంది. సెలవు పెట్టి, లారీల మధ్య భయపడుతూ, కృష్ణ దాటి పోయి నేను తేల్చుకొచ్చింది ఇదే. నాకు ఎవరూ లేరని. వాళ్లకు అది ఇంట్లో కూర్చునే తెలుసు.

"నిజమే" అన్నాను. "ఎవరూ లేరు."

నేను నవ్వుతూనే అన్నాననుకున్నాను. కానీ పిల్లలు తినడం ఆపి నా ముఖంలోకి చూశారు. మరదలు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తమ్ముడు తల వంచుకొని పళ్లెంలో అన్నాన్ని కాసేపు కెలికాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండానే భార్యతో అన్నాడు:

"అక్కకు జర పెరుగెయ్యి."